ఖాళీ లేదు

మా కడప జిల్లాలో మస్తాన్ అనే పేరు ఒక్క మతం సొత్తు కాదు. దర్గాకు మొక్కుకున్నాక పుట్టిన కొడుక్కు మస్తాన్ రెడ్డి అని పేరు పెట్టుకున్న ఇండ్లు ఇక్కడ ఉన్నాయి. దస్తగిరి రెడ్డి ఉన్నాడు. హుసేన్ రెడ్డి ఉన్నాడు. గూగూడు కుళ్లాయస్వామి పేరు పెట్టుకున్న కుళ్లాయప్పలు వాళ్లలోనూ ఉన్నారు, మాలోనూ ఉన్నారు. సగం పేరు విని మనిషి మతం చెప్పడం ఈ సీమలో ఎవరికీ సాధ్యం కాదు. అందుకే లాడ్జి కౌంటర్లో కూర్చున్నాయన సగం పేరుతో ఊరుకోడు. 'మస్తాన్' అనగానే ఆయన పెన్ను ఆగుతుంది. తలెత్తి చూస్తాడు. తర్వాత రాబోయే మాట కోసం ఎదురుచూస్తాడు. ఆ మాట రెడ్డి అయితే రూముంది. వలీ అయితే ఖాళీ లేదు.

నేను మాట్లాడేది ఆ ఆగిన పెన్ను గురించి.

అన్ని లాడ్జీలూ ఇట్లాగే ఉంటాయని నేననడం లేదు. పేరు చూసి కూడా మారు మాట్లాడకుండా తాళంచెవి చేతిలో పెట్టినవాళ్లు ఉన్నారు. అర్ధరాత్రి తలుపు తీసి మంచినీళ్లిచ్చినవాళ్లూ ఉన్నారు. కానీ డబ్బులిచ్చి తీసుకునే రూము కూడా కౌంటర్లో ఉన్న మనిషి మంచితనం మీద ఆధారపడి ఉందంటే, అది నా హక్కుగా దొరికింది కాదు, ఆయన దయతలిచి ఇచ్చింది. మస్తాన్ రెడ్డికి ఆ దయ అవసరం లేదు. తేడా అక్కడుంది.

2018 ఎండాకాలంలో మా అమ్మకు ప్రొద్దుటూరులో కంటి ఆపరేషన్ చేయించాను. మరుసటి రోజు పొద్దున కట్టు విప్పుతామన్నారు. ఆస్పత్రిలో పడుకోవడానికి చోటు లేదు. ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే ఆఖరి బస్సు వెళ్లిపోయింది. ఒక మంచం, ఒక ఫ్యాను, కుళాయిలో నీళ్లు ఉంటే చాలనుకుని ఒక మామూలు లాడ్జికి పోయాను.

"రాత్రికి రూము కావాలన్నా."

"ఎంతమందన్నా?"

"నేను, మా అమ్మ."

"ఆధార్ కార్డియ్యన్నా."

ఇచ్చాను. చూశాడు. వెనక్కిచ్చాడు. "ఖాళీ లేవన్నా. పెండ్లోళ్లు మొత్తం తీసుకున్నారు."

కంటికి కట్టుతో ఉన్న మనిషిని చీకట్లో ఎక్కడికి తీసుకుపోవాలో తోచక మెట్ల మీద కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో ఇద్దరు మొగుడూ పెళ్లాలు వచ్చారు. పెండ్లికి వచ్చినవాళ్లు కాదు. కార్డిచ్చారు, తాళంచెవి తీసుకున్నారు, పైకి పోయారు. నేను ఊళ్లో ఉన్న ఒక రెడ్డి మిత్రునికి ఫోన్ చేశాను. పాపం, అన్నం ముందునుంచి లేచి స్కూటరేసుకుని వచ్చాడు. అదే లాడ్జి, అదే కౌంటరు. ఆయన కార్డు పెట్టాడు. రూము వచ్చింది. రిజిస్టరులో ఆయన పేరు రాసి, పక్కన 'బంధువులు ఇద్దరు' అని రాసుకున్నారు. కౌంటర్లో ఆయన నన్ను చూసి నవ్వాడు. "మీవాళ్లని ముందే చెప్పింటే ఇచ్చేవాణ్ని కదన్నా" అని నా మిత్రునితో అన్నాడు.

మేం దూదేకులవాళ్లం. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. లైటు తీసేశాక మా అమ్మ అడిగింది: "ఎవరి పేరు మీద పండుకున్నాం నాయనా మనం?"

నేను చెప్పాను. ఆమె మళ్లీ మాట్లాడలేదు.

మా అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం ఉంది. కానీ ఆ ప్రశ్న అడగాల్సింది నన్ను కాదు. నా పక్షాన సభల్లో మాట్లాడే మిత్రులను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా వాళ్ల నోట వచ్చే మొదటి మాట 'పోన్లే, రూము దొరికింది కదా'. రెండో మాట 'ఇది చిన్న విషయం, దీన్ని మతంతో ముడిపెట్టొద్దు'. ముడిపెట్టింది నేనా? ఆధార్ కార్డు చూసేదాకా ఖాళీగా ఉన్న రూములు చూశాక నిండిపోయాయి. ఆ రెండు క్షణాల మధ్య కార్డు మీద మా పేరు తప్ప ఇంకేముంది?

బస దొరకని సంగతి చిన్నదైతే అంబేద్కర్ దాన్ని కూర్చుని రాసేవాడు కాదు. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదువుకుని వచ్చిన ఆయన 1917లో ఉద్యోగం కోసం బరోడా పోతే ఆ ఊళ్లో తల దాచుకునే చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగాడు. పదకొండో రోజు పార్సీలు కర్రలతో వచ్చి ఖాళీ చేయమన్నారు. ఒక హిందూ మిత్రుణ్ని అడిగితే కాదన్నాడు, ఒక క్రైస్తవ మిత్రుణ్ని అడిగితే కాదన్నాడు. పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వచ్చేశాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఉంది. బారిస్టరయినా, కూలివాడయినా సత్రం గడప దగ్గర పేరే తూకం. తన పేరుతో పడుకోలేని మనిషికి ఆ దేశంలో ఓటు ఉండొచ్చు, చోటు లేదు.

అదే పుస్తకంలో మేం చదివి తల దించుకోవాల్సిన సంగతి కూడా ఉంది. 1934లో అంబేద్కర్ తన వాళ్లతో కలిసి దౌలతాబాద్ కోట చూడబోయాడు. దుమ్ము కొట్టుకుపోయిన ముఖాలు కోట దగ్గరి తొట్టి నీళ్లతో కడుక్కుంటే, నీళ్లు మైలపడ్డాయని తిట్టుకుంటూ మీదికి వచ్చినవాళ్లు ముస్లింలు. మసీదులో అందరూ ఒకే వరుస అని చెప్పుకునే మతంలో పుట్టినవాళ్లు. ఆ జబ్బు పోయిందని చెప్పగలమా? దూదేకుల పిల్లను కోడలుగా తెచ్చుకోవడానికి వెనకాడే సయ్యదుల ఇండ్లు, పఠాన్ల ఇండ్లు ఎన్ని లేవు? ఉర్దూ రాదని మమ్మల్ని సగం ముసల్మాన్లుగా చూసే పెద్దమనుషులు మా ఊళ్లోనే ఉన్నారు. జకాత్ ఇవ్వాల్సిన ఎనిమిది రకాల మనుషుల్లో బాటసారి ఒకడని ఖురాన్ చెబుతుంది. మరి మన ముసాఫిర్‌ఖానాల తలుపు ఎవరికి తెరుచుకుంటోంది? ఒంటరిగా వచ్చిన ఆడమనిషికి తెరుచుకుంటోందా? దళితునికి తెరుచుకుంటోందా? లాడ్జి వాణ్ని అడిగే నోటితోనే మనల్ని మనం అడగాలి. అడగకపోతే మనం కోరుతున్నది న్యాయం కాదు, ఆ కౌంటర్లో కుర్చీ.

ఇప్పుడు చట్టం సంగతి. 1950 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న రాజ్యాంగంలో పదిహేనో అధికరణం రెండో క్లాజు ఉంది. దుకాణాల్లోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి మతం కారణంగానో కులం కారణంగానో ఏ పౌరుణ్నీ రానివ్వకుండా ఆపకూడదని అది చెబుతుంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల గురించి కూడా అదే క్లాజు చెబుతుంది. 1927లో మహద్ చెరువు నీళ్లు తాగడానికి నడిచిపోయిన దళితుల అడుగులు ఆ వాక్యంలో ఉన్నాయి. వాళ్లు తెచ్చిన హక్కును మేం కూడా వాడుకోవాలి. 'నా లాడ్జి, నా ఇష్టం' అనేవాళ్లకు జవాబు 1950లోనే రాసి పెట్టారు. హోటలు సొంత ఇల్లు కాదు. బోర్డు కట్టి, లైసెన్సు తీసుకుని, దారినపోయే మనుషులను రమ్మని పిలిచాక అది అందరి చోటు.

కానీ 'ఖాళీ లేదు' అనే మాటను ఏ కోర్టుకు ఈడ్చాలి? దాని బలమే అది. 'తురకోళ్లకు ఇవ్వం' అంటే కేసు. 'ఖాళీ లేదు' అంటే మర్యాద. పైగా 'అన్నా' అని కూడా అంటాడు.

ఆ మాటను కాస్త విప్పి చూడండి. ఖాళీ ఎవరి మాట? అరబ్బీ నుంచి వచ్చింది. కిరాయి కూడా అరబ్బీ నుంచే వచ్చింది. రిజిస్టరులో ఉన్న చిరునామా గడి ఫారసీ నుంచి వచ్చింది. డబ్బు తీసుకుని ఇచ్చే రసీదు ఫారసీ. రోజుకు ఇంత అన్నప్పుడు ఆ రోజు ఫారసీ. జాగా, మకాం, సరాయి, ముసాఫిరు, అన్నీ ఆ దారినే వచ్చాయి. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' చదవని పాత తరం తెలుగువాళ్లు తక్కువ. ఆ మజిలీ మా మంజిలే. కాశీకి పోయే బ్రాహ్మడు కూడా రాత్రికి ఆగింది మా మాటలోనే. ఆ మాటలు తెలుగులో ఎట్లా కలిసిపోయాయంటే, మమ్మల్ని బయటికి పంపడానికి కూడా వాటినే వాడుకుంటున్నారు. మా మాటకు మీ భాషలో ఇంత చోటున్నప్పుడు మా పేరుకు మీ రిజిస్టరులో ఒక్క వరుస లేదా?

'పోలీసులొచ్చి అడుగుతారన్నా, మాకెందుకు తలనొప్పి' అనేది కౌంటరు వాళ్ల ఇంకో జవాబు. 2022 మార్చిలో ఢిల్లీలో ఒక కాశ్మీరీ యువకునికి హోటలు గది ఇవ్వకుండా, పోలీసులే ఇవ్వొద్దన్నారని చెప్పారు. ఆ వీడియో దేశమంతా చూశాక ఢిల్లీ పోలీసులు అట్లాంటి ఆదేశం ఏదీ ఇవ్వలేదని ప్రకటించారు. ఎవరూ ఇవ్వని ఆదేశాన్ని అందరూ పాటిస్తున్నారు! ఈ భయం ఊరికే పుట్టలేదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలితే నమాజుకు పోయిన మావాళ్లే చచ్చిపోయారు. తర్వాత అనుమానితులని జైళ్లకు తీసుకుపోయిందీ మా పిల్లలనే. కోర్టులు వాళ్లను నిర్దోషులని వదిలేశాయి. విడుదల వార్త లాడ్జి కౌంటరు దాకా రాలేదు. అరెస్టు వార్త మాత్రం అక్కడే ఆగిపోయింది.

రూముతోనే ఇది ఆగదు. ముస్లిమేతరులు ఉండే వాడల్లో ముస్లింలకు అద్దె ఇల్లు దొరకడం కష్టమవుతోందని 2006లో సచార్ కమిటీ నివేదిక రాసింది. ఒక్క రాత్రికి ఇవ్వనివాడు పదకొండు నెలల అగ్రిమెంటు రాసిస్తాడా?

ఇక గండికోట. జమ్మలమడుగుకు పడమర పదిహేను కిలోమీటర్ల దూరం. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయే చోటు. ఇప్పుడు దాన్ని భారతదేశపు గ్రాండ్ కాన్యన్ అంటున్నారు. బెంగళూరు నుంచి, హైదరాబాద్ నుంచి కార్లలో వస్తున్నారు. టూరిజం వాళ్ల హోటలుంది, గుడారాలున్నాయి, ఉత్సవాలు చేస్తారు. కోట లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, కత్తుల కోనేరు ఉన్నాయి. ఫోటోల్లో మసీదు మినార్లూ గుడి గోపురమూ కలిసి పడతాయి. కింద 'మతసామరస్యానికి ప్రతీక' అని రాస్తారు. ఆ మసీదు కావాలి. దాని నీడ కావాలి, దాని మెట్ల మీద కూర్చుని ఫోటో కావాలి. ఆ మసీదు పేరు చదవగలిగిన మనిషి జమ్మలమడుగులో రూమడిగితే మాత్రం వేరే లెక్క. బురఖా వేసుకున్న భార్య పక్కన ఉంటే ఇంకో లెక్క. పెండ్లి కాగితం చూపించమంటారు.

గండికోట చరిత్ర చెప్పడం మొదలుపెడితే ఇంకో మాట పడుతుంది. 'మీ మీర్ జుమ్లా మా పెమ్మసానివాళ్ల కోట తీసుకున్నాడు' అని. మీర్ జుమ్లా 'మీవాడు' ఎప్పుడయ్యాడు? ఇరాన్‌లో పుట్టి, వజ్రాల వ్యాపారం చేసి, గోల్కొండ సుల్తానుకు మంత్రి అయి, తర్వాత ఆ సుల్తానును వదిలి మొగలులతో కలిసి, చివరికి అస్సాం దండయాత్ర చేసి 1663లో చచ్చిపోయినవాడు ఆయన. మా తాత ప్రొద్దుటూరులో దూది ఏకినవాడు. మీర్ జుమ్లా సంపాదించిన వజ్రాల్లో మా వాటా మాకెవరూ ఇవ్వలేదు. ఆయన చేసిన యుద్ధానికి లెక్క మాత్రం మమ్మల్ని చెప్పమంటారు. 1652లో ఆయన్ని కలవడానికి నగలు పట్టుకుని గండికోటకు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే ఆ రోజుల గురించి రాసి పెట్టాడు. ఆయన రాతలోనే అక్కడ ఫిరంగులు పోస్తున్న ఇంకో ఫ్రెంచివాడు కనబడతాడు. ఆ కోట కింద ఎవరెవరు ఏ బతుకుతెరువు కోసం చేరారో చూస్తే రెండు మతాల కథగా దాన్ని కుదించడం ఎంత బీదతనమో తెలుస్తుంది.

మనుషులను పంపించేసి కట్టడాలను ఉంచుకోవడం మన దగ్గర పుట్టిన తెలివి కాదు. గ్రీసు దేశపు క్రీటు ద్వీపంలో హానియా అనే పాత ఊరుంది. ఓడరేవు ఒడ్డున ఒక మసీదుంది. యూరప్ నుంచి వచ్చే యాత్రికులు ఇరుకు సందుల్లో, పాత ఇళ్లలో పెట్టిన చిన్న చిన్న హోటళ్లలో దిగి ఆ మసీదు ముందు ఫోటోలు తీసుకుంటారు. అందులో నమాజు పోయి చాలా కాలమైంది, దాన్ని ప్రదర్శనశాలగా వాడారు. అక్కడి ముస్లింలు ఏమయ్యారు? 1923 జనవరిలో లోజాన్‌లో గ్రీసు, టర్కీ ఒప్పందం చేసుకుని జనాన్ని మార్చుకున్నాయి. భాష అడగలేదు, పుట్టిన ఊరు అడగలేదు, మతం ఒక్కటే అడిగారు. క్రీటు ముస్లింలలో ఎక్కువమందికి ఇంటి భాష గ్రీకే. వాళ్లను టర్కీకి పంపారు. అక్కడ వాళ్లు సగం కాఫిర్లయ్యారు. ఇటు టర్కీలో టర్కిష్ తప్ప మరొకటి రాని క్రైస్తవులను గ్రీసుకు తోలారు. తెలుగు తప్ప ఇంకో భాష రాని దూదేకులవాణ్ని 'మీది ఏ ఊరు' అని రెండోసారి అడిగినప్పుడు నాకు ఆ ఓడలు గుర్తొస్తాయి. 'పాకిస్తాన్‌కు పో' అనే మాట ఓడ లేని లోజాన్ కాక ఇంకేమిటి?

ఇక్కడ మా లౌకిక మిత్రులు దేవుని కడపను తీసుకొస్తారు. ఉగాది రోజు ముస్లింలు లక్ష్మీవేంకటేశ్వరుని గుడికి పోతారు, బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ కాబట్టి అల్లుడికి కానుకలు పెడతారు, ఇంత గొప్ప సీమ ఇంకెక్కడుంది అంటారు. నిజమే. పోతారు. నేను కాదనను, దాన్ని చూసి సిగ్గుపడను. కడపలో పెద్ద దర్గాకు వచ్చే హిందువులను చూసినా నాకు సంతోషమే. కానీ ఉగాది ఏడాదికి ఒక రోజు. మిగతా మూడు వందల అరవై నాలుగు రాత్రుల సంగతి చెప్పండి. ప్రతి ఉగాదికీ పేపర్లో మా ఫోటో వేసి సామరస్యం బాగుందని రాస్తే, మెట్ల మీద కూర్చున్న మా అమ్మ ఆ ఫోటోలో ఎక్కడుంది? మా భక్తిని సాక్ష్యంగా వాడుకుని మా ఫిర్యాదును కొట్టేయకండి. అల్లుడని మేం దేవుణ్ని పిలుచుకున్నాం. మమ్మల్ని మీరేమని పిలుస్తున్నారో కౌంటరు దగ్గర వినండి.

పులివెందుల నుంచి వచ్చిన ముఖ్యమంత్రి హయాంలోనే 2007లో ముస్లింలలో వెనకబడ్డ కులాలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దానివల్ల కాలేజీ మెట్లెక్కిన పిల్లలు మా కళ్లముందే ఉన్నారు. ఆ మేలు మరిచేంత కృతఘ్నులం కాము. ఆ చట్టంతో సీటు వచ్చిన పిల్ల రేపు ఉద్యోగం పరీక్ష రాయడానికి ఇంకో ఊరు పోతుంది. ముందురోజు రాత్రి ఎక్కడ పడుకుంటుంది? నిద్రలేని కళ్లతో బస్టాండు నుంచి పరీక్షకు పోయిన పిల్లా, రూములో చదువుకుని పోయిన పిల్లా ఒకే పేపరు రాస్తారు. మార్కులు ఒకటే వస్తాయా? హక్కును అసెంబ్లీలో ఇచ్చి లాడ్జి కౌంటర్లో వెనక్కి తీసుకుంటే చేతిలో మిగిలేదెంత?

కాబట్టి మిత్రులారా, మీ పేర్లు మాకు అప్పివ్వొద్దు. ఇప్పటిదాకా ఇచ్చిన అప్పులకు కృతజ్ఞతలు. మీ పేరు మీద మాకు రూము దొరికిన ప్రతిసారీ ఆ కౌంటరుకు ఒక సంగతి రుజువవుతోంది: తురకవాడు రెడ్డి జామీను మీద వస్తాడు, లేకపోతే రాడు. మా పేరుతో రూమడగండి. ఇవ్వనంటే ఎందుకివ్వవని మాతోపాటు అక్కడే నిలబడి గొంతెత్తండి. మీకు ఇచ్చిన రూము కూడా వద్దని తాళంచెవి బల్ల మీద పెట్టి బయటికి రండి. ఒక్క రాత్రి మాతో బస్టాండులో పడుకోండి. లౌకికవాదం మీద మీరు ఇచ్చే వంద ఉపన్యాసాల కంటే అది బలమైంది, ఎందుకంటే దానివల్ల లాడ్జి వానికి రెండు రూముల కిరాయి నష్టం.

గండికోట పేరు చెప్పుకుని గిరాకీ పెంచుకునే లాడ్జీల గోడల మీద ధరల పట్టిక ఉంటుంది. దాని పక్కన పదిహేనో అధికరణం రెండో క్లాజును తెలుగులో, ఉర్దూలో రాయించమని మునిసిపాలిటీలను, టూరిజం శాఖను అడుగుదాం. లైసెన్సు ఇచ్చే చేతికే దాన్ని అమలుచేసే బాధ్యత ఉందని చెబుదాం. మా పిల్లలకు మేం చెప్పేది ఒక్కటే. సగం పేరుతో ఆగొద్దు. మస్తాన్ దగ్గర మింగేయొద్దు. మస్తాన్ వలీ అని పూర్తిగా, గట్టిగా, వెనక నిలబడ్డవాళ్లందరికీ వినబడేట్టు చెప్పండి. పెన్ను ఆగితే ఆగనివ్వండి. ఎందుకాగిందో చెప్పాల్సింది దాన్ని పట్టుకున్నవాడు.